కంట్లో నీళ్ల గిన్నె: స్క్లెరల్ లెన్సులతో రెండేళ్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది సోకుకి పెట్టుకునే లెన్సుల ముచ్చట కాదు. కెరటోకోనస్ (నల్లగుడ్డు మీది పొర పొడుచుకొచ్చే జబ్బు) ఉండి, ఏ అద్దాలు మార్చినా అక్షరం వెనక నీడ పోక, మామూలు లెన్సులు కంట్లో నిలవక, ఇంక ఆపరేషనేనా అని టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. రెండేళ్లుగా రెండు కళ్లకీ స్క్లెరల్ లెన్సులు, అంటే తెల్లగుడ్డు మీద కూర్చునే పెద్ద గట్టి లెన్సులు, వాడుతున్నాను. చూపు విషయంలో పైసా వసూల్. కానీ డబ్బు కట్టేది ఆ బిళ్లకే అనుకుంటే మాత్రం నేను మొదటిసారి మునిగినట్టే మునుగుతారు. ఆ బిళ్లని మీ కంటికి కుదిర్చే మనిషి ఓపిక ఉంది చూడండి, అసలు సరుకు అది.

నాది హనుమకొండ, డీటీపీ పని. పేజ్‌మేకర్, అను ఫాంట్స్‌తో మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. పెళ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, ఎలక్షన్లొస్తే పాంప్లెట్లు. తెలుగు టైపు చేసేవాళ్లకి కళ్లతో ఎంత పనో వేరే చెప్పక్కర్లేదు. పకీ షకీ తేడా పొట్టలో ఒక్క గీత, దకీ ధకీ తేడా కింద వేలాడే పిసరంత గీత, ఇక వత్తుల సంగతి సరేసరి. నా కంటికి ప్రతి అక్షరానికీ కుడివైపు కిందగా ఒక నీడ పడేది, నలుపు కాదు, వెలిసిన బూడిద రంగులో, ఆఫ్‌సెట్‌లో రెండో రంగు పక్కకి జరిగి పడ్డట్టు. దాంతో దలన్నీ ధల్లా, నలన్నీ న్నల్లా అనిపించేవి. మాటని బట్టి ఊహించి నడిపించేవాణ్ణి, చదివేవాణ్ణి కాదు.

ఊహ పనికిరానివి అంకెలు. ఒక పెళ్లి పత్రికలో పంతులు గారు లగ్న పత్రికలో రాసిచ్చిన ముహూర్తం రాత్రి 8-38, నేను కొట్టింది 8-33. ప్రూఫ్ చూసిందీ నేనే. కస్టమర్ కూడా చూసి సరేనన్నాడు కానీ అది వాదించడానికి పనికొచ్చే మాట కాదు. మూడు వందల పత్రికలు ప్రింటయ్యి, పసుపు కుంకుమ పెట్టడానికి కూర్చున్నప్పుడు వాళ్ల మేనమామ పట్టుకున్నాడు. అయిదు నిమిషాలే కదా అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మా ఓనరన్న నన్ను ఒక్క మాట అనలేదు, కొత్త పత్రికలు వేయించి నా జీతంలో సగం పట్టుకున్నాడు. అనకపోవడమే ఎక్కువ బాధేసింది.

జబ్బు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, కార్నియా, గుండ్రంగా ఉండాల్సింది పలచబడి శంఖంలా ముందుకి పొడుచుకొస్తుంది. ఎక్కువగా పదిహేను ఇరవై ఏళ్ల వయసులో మొదలవుతుంది. కళ్లు గట్టిగా నలుపుకునే అలవాటుకీ దీనికీ సంబంధం ఉందని డాక్టర్లు చెబుతారు. నాకు చిన్నప్పటి నుంచీ ఎలర్జీ దురద, నిద్రలేచింది మొదలు పిడికిలితో నలుపుడే నలుపుడు, అమ్మ ఎన్నిసార్లు చెయ్యి లాగేసిందో. ఇరవై రెండేళ్లకి బయటపడింది. ఎలా కనపడుతుందని అడిగేవాళ్లకి నేనొకటే చెబుతాను: వినాయక చవితి రోజు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలంటారు కదా, నేను ఏటా అయిదుగురు చంద్రుల్ని చూసేవాణ్ణి, నిందలు కూడా దానికి తగ్గట్టే పడ్డాయి.

జబ్బు ముదరకుండా సీత్రీఆర్ చేశారు. విటమిన్ బీ2 చుక్కలు వేసి అతినీల లోహిత కాంతి పెడతారు, కార్నియా గట్టిపడుతుంది. మూడు రోజులు చీకటి గదిలో కారం పడ్డ కళ్లతో పడుకున్నట్టుంటుంది, అంతే. కానీ చాలామంది పొరపడేది ఇక్కడే. సీత్రీఆర్ ముదరకుండా ఆపడానికి, ఉన్న వంకర అలాగే ఉంటుంది. అది అయ్యాక కూడా చూపు రాలేదేంటని డాక్టరు మీద కోప్పడ్డవాణ్ణి నేను.

తర్వాత లెన్సుల యాత్ర. మెత్తటి టోరిక్ లెన్సు (సిలిండర్ పవర్‌కి పెట్టేది) వేశారు, అది నా కార్నియా ఎలా ఉంటే అలాగే ఒదిగి కూర్చుంది, అంటే వంకర మీద వంకర. తర్వాత గట్టి లెన్సు, ఆర్‌జీపీ, చిన్న బొట్టుబిళ్లంత ఉంటుంది. దాంతో చూపు బాగానే వచ్చింది, అబద్ధమెందుకు. కానీ రెప్ప కొట్టినప్పుడల్లా అది కదులుతుంది, నా శంఖం మొన మీద రాసుకుంటుంది, దాని కింద ఒక్క దుమ్ము రేణువు దూరితే కంట్లో ఇసుక లారీ దింపినట్టే. హనుమకొండ చౌరస్తాలో బండి మీద వెళ్తుండగా ఎదురుగాలికి కళ్లు చికిలించాను, ఎడమ లెన్సు ఎగిరిపోయింది. ట్రాఫిక్‌లో బండి స్టాండేసి రోడ్డు మీద వెతుకుతుంటే ఒకాయన వచ్చి "ఉంగరమా తమ్మీ?" అన్నాడు. లెన్సన్నా అంటే జాలిగా చూసి వెళ్లిపోయాడు. ఆర్‌జీపీ బాగా కుదిరినవాళ్లు ఉంటారు, వాళ్లకి ఇంత ఖర్చు అక్కర్లేదు, దాన్ని తీసిపారేయడం లేదు. నాకు కుదరలేదు.

స్క్లెరల్ లెన్సు కూడా గట్టిదే, గాలి ఆడే రకం ప్లాస్టిక్కే, కానీ పెద్దది. నాది 16.5 మిల్లీమీటర్లు. మొదటిసారి చూసినప్పుడు ఇది కంట్లోకా, పచ్చడి గిన్నెకి మూతా అనిపించింది. కిటుకంతా ఆ సైజులోనే ఉంది. ఇది నల్లగుడ్డుని ముట్టుకోదు, దాని మీదుగా గొడుగులా దాటి వెళ్లి తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. తెల్లగుడ్డుకి స్పర్శ తక్కువ, అందుకే ఇంత పెద్దదైనా చిన్న ఆర్‌జీపీ కంటే ఎంతో హాయిగా ఉంటుంది. లెన్సుకీ కార్నియాకీ మధ్య ఖాళీలో సెలైన్ నిలుస్తుంది. గతుకుల రోడ్డు మీద వాన నీళ్లు నిలిస్తే పైకి నున్నగా కనపడుతుంది చూడండి, అదే లెక్క. గోడకి రంగు వేసేముందు లప్పం పెట్టినట్టు కార్నియా మీది ఎగుడుదిగుళ్లన్నిటినీ ఆ నీళ్లు కప్పేస్తాయి, వెలుగు నున్నటి లెన్సు మీంచి లోపలికి పోతుంది. నీడ పోయేది అందుకే.

ఇదేదో కొత్త టెక్నాలజీ అనుకునేవాణ్ణి. కాదట, లోకంలో మొట్టమొదట తయారైన కాంటాక్టు లెన్సులే ఈ రకం. 1888లో జ్యూరిక్‌లో అడాల్ఫ్ ఫిక్ అనే కంటి డాక్టరు గాజుతో చేయించి ముందు కుందేళ్లకి, తర్వాత తన కంటికి, ఆ తర్వాత పేషెంట్లకి పెట్టి చూశాడు, లోపల ద్రాక్ష చక్కెర నీళ్లు పోసి. మరుసటి ఏడాదే ఆగస్ట్ ముల్లర్ అనే వైద్య విద్యార్థి తనకి దూరంవి కనపడక తనే గాజు లెన్సు చేసుకుని, కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబార్చుకుని పెట్టుకున్నాడట, అరగంటకి మించి ఓర్చుకోలేకపోయాడు. గాజులోంచి గాలి పోదు కాబట్టి ఆ దారి మూతపడి, గాలి ఆడే ప్లాస్టిక్ వచ్చాక, 1980ల నుంచి మళ్లీ తెరుచుకుంది. కొకైన్ సంగతి చదివాక నేను నా కష్టాల గురించి మాట్లాడటం కొంచెం తగ్గించాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొదట స్క్లెరల్ తీసుకున్న చోటు పేరు చెప్పను. ఏసీ, సోఫాలు, కాఫీ, అన్నీ ఉన్నాయి. ఒక్క సిట్టింగ్‌లో కొలతలు తీశారు, ట్రయల్ లెన్సు పెట్టి పదిహేను నిమిషాల్లో "సూపర్ ఫిట్ సార్" అన్నారు, నలభై అయిదు వేలు కట్టించుకున్నారు. లెన్సులు వచ్చాయి, పెట్టారు, చార్టు గడగడా చదివాను, సంబరంగా ఇంటికి వచ్చాను. సాయంత్రానికి కళ్లు చింతనిప్పులు. తీశాక అద్దంలో చూసుకుంటే తెల్లగుడ్డు మీద గుండ్రంగా గాడి, చెంబు మూతి ఒత్తుకున్నట్టు. ఫోన్ చేస్తే అలవాటవుతుంది సార్ అన్నారు. నెల చూశాను, అలవాటు కాలేదు. మళ్లీ వెళ్తే రీమేక్‌కి సగం డబ్బు కట్టమన్నారు. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉందట. చిన్న అక్షరాలు చదవలేకే కదయ్యా మీ దగ్గరికి వచ్చింది అన్నాను, వాళ్లకి నవ్వు రాలేదు.

ఆ లెన్సులు తొమ్మిది నెలలు బీరువాలో ఉన్నాయి. రెండోసారి వెళ్లడానికి మనసొప్పలేదు, డబ్బు కూడా లేదు. మా షాపులో పనిచేసే అమ్మాయిల్లో ఒకామె వాళ్ల అన్నకి ఇదే జబ్బని, హైదరాబాద్‌లో ఒక కళ్ల ఆసుపత్రిలో లెన్సుల విభాగంలో చూపించుకున్నాడని చెబితే కదిలాను. పొద్దున అయిదింటికి హనుమకొండలో బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట, అక్కడి నుంచి ఆటో. ఇలా మొత్తం ఏడుసార్లు తిరిగాను, ఆ లెక్క గుర్తుపెట్టుకోండి.

అక్కడి ఆప్టోమెట్రిస్ట్ మేడమ్ మొదటి రోజు చేసిన పని, నా పాత లెన్సులు పెట్టించి చూడటం. పసుపుపచ్చ రంగు మందు వేసి, నీలం లైటు పెట్టి, మెషీన్‌లోంచి చాలాసేపు చూసింది. తర్వాత స్క్రీన్ మీద ఫోటో చూపించింది. "చూడండి సార్, ఇక్కడ రక్తనాళాలు తెల్లబడ్డాయి కదా, అంచు నొక్కేస్తోంది. మధ్యలో మాత్రం కావాల్సినదానికంటే ఎత్తు." అంటే గొడుగు ఎత్తుగా, దాని కాళ్లు నేలలో దిగబడి. పదిహేను నిమిషాల్లో సూపర్ ఫిట్ అన్నది ఎందుకు తప్పో కూడా అప్పుడే అర్థమైంది. ఈ లెన్సు పెట్టగానే ఉన్నట్టు ఉండదు, గంటలు గడిచేకొద్దీ మెత్తటి తెల్లగుడ్డులోకి కొద్దికొద్దిగా దిగుతుంది. లోపలి నీళ్ల మందమే మహా అయితే మూడు వెంట్రుకలంత, అందులో ఒక వెంట్రుకంత దిగిపోవచ్చు. కాబట్టి ట్రయల్ లెన్సు పెట్టి, మూడు నాలుగు గంటలు కూర్చోబెట్టి, అప్పుడు చూడాలి. ఆమె నన్ను అచ్చం అలాగే కూర్చోబెట్టింది.

ఆ మొదటి ట్రయల్ లెన్సుతో బయట హాల్లో కూర్చున్నప్పుడు, ఎదురు గోడ మీద బోర్డు: "దయచేసి నిశబ్ధం పాటించండి." నాకు గుండె ఝల్లుమంది. శకి శవత్తు లేదు, బకింద ద ఉండాల్సిన చోట ధ ఉంది. పాత కళ్లతో అయితే ఆ ధ నా నీడే అనుకుని వదిలేసేవాణ్ణి. కుడి కన్ను మూసి చూశాను, ఎడమ కన్ను మూసి చూశాను, తప్పు అక్షరంలోనే ఉంది, నా కంట్లో లేదు. ఒక అక్షర దోషం చూసి అంత ఆనందపడ్డవాడు తెలుగు దేశంలో ఇంకొకడు ఉండడు.

నా పక్కన జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది, యాభై దాటి ఉంటాయి. నేను బోర్డు సంగతి చెప్పి నవ్వుతుంటే ఆమె కూడా నవ్వి తన కథ చెప్పింది. ఏదో మందు పడక ఒళ్లంతా పొక్కి, ప్రాణం దక్కింది కానీ కళ్లు ఎండిపోయాయట. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటారని తర్వాత తెలిసింది. రెప్పల అంచు గరుకెక్కి కొట్టినప్పుడల్లా నల్లగుడ్డుని గీరుతుంది, కన్నీరు ఉండదు. అలాంటివాళ్లకి ఈ లెన్సు చూపు కోసమే కాదు, రెప్పకీ కార్నియాకీ మధ్య అడ్డుగోడ, లోపల పొద్దంతా తడి. "మీకు అచ్చరాలు చదువుడు ముచ్చట తమ్మీ, మాకు కన్ను తెరుచుడే ముచ్చట" అంది. మూడేళ్ల తర్వాత బతుకమ్మ దగ్గర లైట్లు చూసిందట. నేను బోర్డు గురించి ఇంకేం మాట్లాడలేదు.

అమెరికాలో బోస్టన్‌సైట్ అనే సంస్థ ఇలాంటివాళ్ల కోసం తయారుచేసే పెద్ద లెన్సుల పద్ధతి ఒకటుంది, ప్రోజ్ అంటారు. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో పెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మన దగ్గర దాన్ని అందించిన చోటు. నాకు అంత అవసరం పడలేదు, మామూలు స్క్లెరల్‌తోనే పనైంది. కళ్లు మరీ కష్టంగా ఉన్నవాళ్లు ఆ మాట గుర్తుపెట్టుకుని అడగండి.

కుడి లెన్సు మొదటిసారికే కుదిరింది. ఎడమది మూడోసారికి. ముక్కు వైపు తెల్లగుడ్డు ఎత్తుగా ఉందట, లెన్సు అంచు అన్ని వైపులా ఒకేలా ఉంటే ఒకచోట నొక్కుతుంది, ఒకచోట లేస్తుంది. లేచిన చోట గాలి దూరి బుడగ. అందుకని అంచుకి ఒక్కో వైపు ఒక్కో వంపు ఇచ్చి చేయించింది. లెన్సు ఏ దిక్కున కూర్చుందో తెలియడానికి దాని మీద సన్నటి గీతలుంటాయి, అచ్చులో రంగులు ఒకదాని మీద ఒకటి కుదరడానికి బట్టర్ పేపర్ మీద రిజిస్ట్రేషన్ మార్కులున్నట్టు. ఆ సంగతి వినగానే నాకు మేడమ్ మీద గౌరవం ఇంకా పెరిగింది, ఈమె మా లైనే. మూడో లెన్సుకి కూడా రూపాయి అదనంగా తీసుకోలేదు, మూడు నెలల్లోపు ఎన్నిసార్లయినా మారుస్తామని ముందే కాగితం మీద రాసిచ్చారు, మామూలు సైజు అక్షరాల్లో.

పెట్టుకోవడం నేర్చుకోవడం ఒక వారం నరకం. లెన్సుని చిన్న రబ్బరు ప్లంజర్ మీద గిన్నెలా నిలబెట్టి, అంచుదాకా సెలైన్ పోసి, తల నేలకి సమాంతరంగా వంచి, రెండు రెప్పలూ రెండో చేత్తో తెరిచి, కింద నుంచి పైకి తీసుకురావాలి. కన్ను మూయకూడదు, వెనక్కి జరగకూడదు. కంటికి ఏదైనా దగ్గరికొస్తే తల వెనక్కి పోవడం పుట్టుకతో వచ్చిన గుణం, దాన్ని బతిమాలి ఆపాలి. ఇంట్లో మొదటి రోజు పదకొండుసార్లు పట్టింది. నీళ్లు ఒలికినా, ఒంపుగా పెట్టినా లోపల బుడగ మిగులుతుంది, బుడగుంటే చూపు లేదు, మళ్లీ తీయాలి, మళ్లీ పోయాలి. మా పాప సెల్‌ఫోన్ లైటు వేసి ఇన్‌స్పెక్షన్ చేసేది. "డాడీ, బుడగున్నది!" అని కేకేసి చప్పట్లు. మా ఆవిడ గుడ్డ పట్టుకుని తిరుగుతూ "కంట్లకంటె ఇంట్లనే ఎక్కువ పోస్తున్నవ్" అంది. ఇప్పుడు రెండు కళ్లకీ కలిపి ఆరేడు నిమిషాలు.

ఒకటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి: తీసేటప్పుడు ప్లంజర్ లెన్సు నడిమధ్య అతికించి లాగకండి. అది గట్టిగా పీల్చి పట్టేసుకుంటుంది, కన్ను ఊడొచ్చినట్టే ఉంటుంది. నేను రెండో రోజు చేశాను, చెమటలు పట్టాయి. కింది అంచు దగ్గర అతికించి పైకి తిప్పితే గాలి దూరి లడ్డూ మీద కాగితం లేచినట్టు వచ్చేస్తుంది.

సెలైన్ ప్రిజర్వేటివ్ లేనిదే వాడాలి, ఎందుకంటే అది పొద్దంతా కంటికి అంటుకుని ఉంటుంది. మా వీధి మెడికల్ షాపులో సెలైన్ కావాలంటే ఆయన పెద్ద బాటిల్, గొట్టం, సూది కౌంటర్ మీద పెట్టి "ఎవరికన్నా ఎక్కించేది?" అన్నాడు. కంట్లోకి అంటే ఇంకా భయపడ్డాడు. ఇప్పుడు నాకోసం చిన్న వయల్స్ తెప్పించి పెడతాడు. సెలైన్ అయిపోయింది కదా అని కుళాయి నీళ్లు మాత్రం పోయకండి, మినరల్ వాటర్ కూడా వద్దు. నీళ్లలో అకాంతమీబా అనే క్రిమి ఉండొచ్చు, అది కార్నియాలో చేరితే ఈ లెన్సుల గొడవే ఉండదు, కన్నే ఉండదు. రాత్రి కడగడానికి నాకు పెరాక్సైడ్ ఇచ్చారు, దాని సొంత డబ్బాలో ఆరు గంటలు నానితే గానీ లెన్సు కంట్లో పెట్టుకోకూడదు. ఒకసారి ఊరేగింపు ఫ్లెక్సీల హడావిడిలో మూడు గంటలకే తీసి పెట్టుకోబోయాను, మా ఆవిడ గడియారం చూపించి ఆపింది.

ఇబ్బందుల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అమ్ముడుపోయాడంటారు. నాలుగైదు గంటలయ్యేసరికి లోపలి నీళ్లు మబ్బేస్తాయి. పొద్దున లేలేత ఎండలా ఉన్న స్క్రీన్ మధ్యాహ్నానికి చలికాలం పొగమంచు. తీసి, కడిగి, కొత్త సెలైన్ పోసి పెట్టుకోవాలి, అంటే రోజుకి రెండుసార్లు తతంగం. మా షాపులో చేతులకి ఇంకు, గమ్ము, కాగితం పొడి, వాష్‌బేసిన్ బాత్రూమ్ పక్కన. ఇప్పుడు నా టేబుల్ సొరుగులో సబ్బు, అద్దం, నూలు రాని తువ్వాలు, సెలైన్, ప్లంజర్లు, పూజ సామాను లాగా వేరే పెట్టెలో. బేసిన్ రంధ్రం మీద తువ్వాలు పరవకుండా ఎప్పుడూ లెన్సు తీయను, 38 వేలు మోరీలో పోతాయి.

ఇంకొకటి ఏ పుస్తకంలోనూ రాయరు. ఆవకాయ అన్నం కలిపిన చెయ్యి. స్పూనుతో తినేవాళ్లు కనిపెట్టిన వస్తువు ఇది, మనకోసం కాదు. సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో కారం మిగిలే ఉంటుంది. ఒక మధ్యాహ్నం లెన్సు తీసి మళ్లీ పెట్టుకున్నాను, సెలైన్‌తో పాటు ఆవకాయ కూడా లెన్సు కింద బందీ అయిపోయింది, బయటికి పోయే దారి లేదు. అరిచిన అరుపుకి పక్క జిరాక్స్ షాపులోంచి పరిగెత్తుకొచ్చారు. అప్పటి నుంచి షాపులో మధ్యాహ్నం చపాతీ, లేదంటే ముందు లెన్సు, తర్వాత అన్నం.

ఖర్చు: ఒక కన్నుకి 38 వేలు, రెండూ 76 వేలు. మొదటి చోట పోయిన 45 వేలు కలపకుండా. నా హెల్త్ పాలసీ వాళ్లు రూపాయి ఇవ్వలేదు. నెలకి సెలైన్, సొల్యూషన్ కలిపి పన్నెండు నుంచి పదిహేను వందలు. లెన్సు రెండు మూడేళ్లు వస్తుందన్నారు, అంటే మళ్లీ చిట్టీ వేయాల్సిన టైమొచ్చింది. బస్సు చార్జీలు, ఏడు రోజుల పని పోవడం వేరే. దూరం నుంచి వెళ్లేవాళ్లు ఈ తిరుగుడుని లెక్కలో వేసుకోండి, ఒక్కసారితో అయిపోతుందని ఎవరైనా అంటే అనుమానించండి. డబ్బు కట్టేముందు నేనైతే అడిగేవి: ట్రయల్ లెన్సుతో ఎన్ని గంటలు కూర్చోబెడతారు, కుదరకపోతే ఎన్నిసార్లు మారుస్తారు, ఆ మార్పుకి డబ్బెంత, చివరికి అసలు కుదరకపోతే ఎంత వెనక్కి ఇస్తారు. సోఫాలు చూసి కూర్చోవద్దు.

చూపు సంగతి లెక్కల్లో చెప్పాలంటే, అద్దాలతో కుడి కన్ను 6/24 ఉండేది, లెన్సుతో 6/6, అంటే మామూలు కంటి చూపు, వచ్చింది, ఒక్క అక్షరం తప్పు. ఎడమది 6/12 దగ్గర ఆగింది. అక్కడ కార్నియా మీద సన్నటి మచ్చ ఉందట, నీళ్లు గతుకుల్ని కప్పుతాయి కానీ మచ్చని తుడవవు. రాత్రి బండి నడిపేటప్పుడు ఎదురు లైట్లు ఇంతకుముందు చీపురు కట్టల్లా వచ్చేవి, ఇప్పుడు లైట్లలాగే వస్తున్నాయి. దుమ్ములో కూడా ఇబ్బంది లేదు, అంచు తెల్లగుడ్డుకి అతుక్కుని ఉంటుంది కాబట్టి కిందికి ఏదీ దూరదు. మా షాపు ముందు డ్రైనేజీ కోసం రోడ్డు తవ్వి మూడు నెలలు వదిలేశారు, అందరూ కళ్లు నలుపుకున్నారు, నేను తప్ప. పన్నెండు గంటలకి మించి పెట్టుకోను, ఎంత అలసటైనా తీయకుండా పడుకోను.

ఆరు నెలలకోసారి చెకప్. పోయినసారి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో బోర్డు సంగతి చెప్పాను, కావాలంటే నేనే ఊరికే టైపు చేసిస్తానన్నాను. ఆ అబ్బాయి నవ్వి రాసుకున్నాడు. మొన్న వెళ్తే కొత్త బోర్డు, నీలం మీద తెల్ల అక్షరాలు, చక్కటి ఫాంటు. "దయచేసి నిశ్శబ్ధం పాటించండి." శవత్తు పెట్టారు. ధ మాత్రం అలాగే ఉంది.